ఆరని పెట్రోలు దీపం: ఆటోనగర్ షెడ్డులో ఒక పరిశీలన

విజయవాడ ఆటోనగర్ ప్రధానంగా లారీల బాడీ నిర్మాణానికీ, పెద్ద ఇంజన్ల మరమ్మతుకూ పేరుపడిన ప్రాంతమే అయినా, ఆ భారీ పనుల నడుమ ద్విచక్ర వాహనాల వైరింగు లోపాలను మాత్రమే చూసే చిన్న షెడ్లు కూడా అక్కడ కనిపిస్తాయి. అటువంటి ఒక షెడ్డును సందర్శించిన రోజున పరీక్షకు వచ్చిన వాహనం జపానులో తయారైన పాత మోటారు సైకిల్. ట్యాంకు నిండా పెట్రోలున్నా, పెట్రోలు తగ్గిందని హెచ్చరించే దీపం ఆరకపోవడమే దాని లోపం. అంతకుముందు మరొక చోట, వైరు ఒక్కటైనా ముట్టుకోకుండానే, ట్యాంకులోని సెన్సారు పాడయిందని తేల్చి, దొరకడమే కష్టమైన కొత్త సెన్సారు తెప్పించుకోమని యజమానికి చెప్పారు.

ఇటువంటి దీపం లేని పాత బండ్లలో ఆ హెచ్చరికను పెట్రోల్ ట్యాపే ఇచ్చేది. ట్యాంకు లోపల నిలిచి ఉండే గొట్టం అంచు కంటే పెట్రోలు మట్టం దిగిపోగానే ఇంజను తడబడేది, నడిపేవారు ట్యాపును రిజర్వుకు తిప్పి, అడుగున మిగిలిన పెట్రోలుతో బంకు చేరేవారు. విద్యుత్తుతో పనిలేని ఆ ఏర్పాటు, పంపు ట్యాంకులోనే ఉండే ఇంజెక్షన్ బండ్లు వచ్చాక కనుమరుగయింది. ఆ పంపును చల్లబరిచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే కనుక, అక్కడ దీపం చెప్పే మాట నమ్మదగినదిగా ఉండటం మరింత అవసరం.

షెడ్డులోని బండికి ఉన్నది థెర్మిస్టర్ రకం సెన్సారు. థెర్మిస్టర్ అంటే వేడిని బట్టి నిరోధం, అనగా విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకునే గుణం, మారే చిన్న గుళిక. ఈ పనికి వాడే రకంలో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. బ్యాటరీ కరెంటు ముందు బల్బులోంచి, తరువాత ఈ గుళికలోంచి ప్రవహించి ఎర్త్‌కు చేరుతుంది. గుళిక పెట్రోలులో మునిగి ఉన్నంతసేపు దానిలో పుట్టే కొద్దిపాటి వేడిని పెట్రోలు లాగేసుకుంటుంది కాబట్టి నిరోధం ఎక్కువగానే ఉండి, బల్బు వెలగడానికి చాలినంత కరెంటు పారదు; మట్టం దిగి గుళిక బయటపడితే, దాని వేడిని అదే పెంచుకుని, నిరోధం పడిపోయి, దీపం మెల్లగా వెలుగుతుంది. పెట్రోలు ట్యాంకులో అటూ ఇటూ ఊగినా దీపం మినుకు మినుకుమనకపోవడానికి కారణం ఈ నిదానమే.

షెడ్డు మేస్త్రి సెన్సారు జోలికి పోకుండా, శిష్యుడితో "ముందు కప్లరు పీకి చూడరా" అన్నారు. కప్లరు అంటే సెన్సారు వైర్లను ప్రధాన వైరింగుతో కలిపే ప్లాస్టిక్ జోడింపు. దాన్ని ఊడదీసినా దీపం వెలుగుతూనే ఉంటే, ట్యాంకు కింద నలిగిన వైరు ఎక్కడో ఛాసిస్‌కు తగిలి షార్ట్ అవుతోందని అర్థం. పాత బండ్లలో ఈ లోపం అరుదు కాదు. ఇక్కడ మాత్రం దీపం ఆరిపోయింది. తరువాత ప్రధాన వైరింగు వైపున్న కప్లరు రంధ్రాలు రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలపగా దీపం వెలిగింది, అయితే మునుపటి కంటే స్పష్టంగా ఎక్కువ కాంతితో వెలిగింది. మేస్త్రి దృష్టి నిలిచింది ఆ తేడా మీదే. మల్టీమీటరుతో కొలిచినప్పుడు పెట్రోలులో మునిగి ఉన్న సెన్సారు నిరోధం దాదాపు 1000 ఓమ్‌లు చూపింది. చల్లగా ఉన్న థెర్మిస్టర్‌కు అది సహజమైన విలువే కనుక సెన్సారులో దోషం లేదని తేలిపోయింది.

బండి మీటరు విప్పి చూస్తే, లోపల ఉన్నది కంపెనీ బల్బు కాదు, ఎల్‌ఈడీ. మీటరు దీపాలన్నీ ప్రకాశవంతంగా ఉండాలని ఎవరో ఎప్పుడో అన్నింటినీ ఒకేసారి మార్పించారు. లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. 12 వోల్టుల మీద పనిచేసే 3.4 వాట్ల పాత తరహా బల్బు పూర్తిగా వెలగాలంటే సుమారు 280 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి, 1000 ఓమ్‌ల సెన్సారు గుండా పారే పది పన్నెండు మిల్లీ ఆంపియర్లతో దాని తీగ ఎర్రబడనైనా ఎర్రబడదు. ఎల్‌ఈడీకి ఆ స్వల్ప కరెంటే సరిపోతుంది కాబట్టి ట్యాంకు నిండి ఉన్నా అది వెలుగుతూనే ఉంటుంది. పైగా ఎల్‌ఈడీ తనలోంచి పారనిచ్చే కరెంటు అంత తక్కువ కావడం వల్ల, పెట్రోలు తగ్గినప్పుడు కూడా గుళిక తగినంత వేడెక్కదు. ఈ ఏర్పాటులో బల్బు ఫలితాన్ని చూపే వస్తువు మాత్రమే కాదు, కొలిచే పనిలో సగం దానిదే. ఈ సంగతి తెలియకుండా చేసిన ఒక చిన్న మార్పు మంచి సెన్సారును చెడ్డదిగా చూపింది.

3.4 వాట్ల బల్బు పెట్టగానే దీపం ఆరింది. ట్యాంకులోని పెట్రోలును డబ్బాలోకి దించి మళ్లీ తాళం తిప్పగా, కొంతసేపటికి దీపం మెల్లగా వెలిగింది. తాళం ఆపి, పెట్రోలు తిరిగి పోసి చూస్తే మళ్లీ ఆరింది. సెన్సారును బయటకు తీసి పరీక్షించవలసి వస్తే తుడిచి ఆరబెట్టి, పెట్రోలు ఆవిరి లేని చోట, అదే వాటేజి బల్బును వరుసలో ఉంచి మాత్రమే కరెంటు ఇవ్వాలనీ, నేరుగా బ్యాటరీకి కలిపితే గుళిక అదుపు లేకుండా వేడెక్కి మాడిపోతుందనీ మేస్త్రి శిష్యుడికి గట్టిగా చెప్పడం గమనించదగినది.

లోపం కాని సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. ఫ్రేము మీద జీనులా కూర్చునే ట్యాంకులో, మట్టం తగ్గాక పెట్రోలు రెండు పక్కలకు విడిపోతుంది కనుక, సైడ్ స్టాండు మీద వాలినప్పుడు సెన్సారు ఉన్న పక్క ఖాళీ అయి దీపం వెలగవచ్చు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి, చాలాకాలం కదలని బండిలో సెన్సారు కొనలు తుప్పు పట్టే అవకాశాన్నీ చూడాలి.

మీటరు దీపాలు మార్పించుకునేవారు పెట్రోలు దీపానికి మాత్రం కంపెనీ సూచించిన వాటేజి బల్బునే ఉంచమని అడగాలి. సెన్సారుకు డబ్బు చెల్లించే ముందు, కప్లరు ఊడదీసి దీపం ఆరుతుందో లేదో తమ ఎదుటే చూపించమని మెకానిక్కును కోరాలి.