కోవలంలో రెండు రాత్రులు: ఒకన్న అడిగినదానికి జవాబు



మొన్న నేను పెట్టిన సముద్రం ఫొటో చూసి మన గ్రూపులోనే ఒకన్న అడిగినాడు, "హాస్టల్లో ఉండి స్కాలర్‌షిప్‌తో చదివేవాడికి బీచ్ హోటళ్ళు ఎందుకు తమ్ముడూ" అని. కోపంగా ఏం కాదు, నవ్వుతానే అడిగినాడు. రెండు లైన్లు జవాబు రాసి చెరిపేసినా. రెండు లైన్లతో అయ్యేది కాదనిపించి ఇట్లా పొడుగ్గా రాస్తా ఉండా. ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

ముందు లెక్క చెప్పేస్తా. అది స్కాలర్‌షిప్ డబ్బు కాదు. ఎండాకాలం సెలవుల్లో మదనపల్లె టమోటా మార్కెట్లో పని చేసినా. తెల్లారకముందే పోయి క్రేట్లు దించడం, కాయలు ఏరడం. పండింది ఒకపక్క, దోరది ఒకపక్క, పగిలింది కిందికి. ఆ కూలీలో ఇంటికి ఇచ్చింది పోను మిగిలిన డబ్బు అది. పోయింది ముగ్గురం. నాది పుంగనూరు పక్క యానాది కాలనీ. నా రూమ్మేటుది మదనపల్లె దగ్గర సుగాలి తండా. ఇంకొకడు కుప్పం వాడు, ఎరుకల. వాడికి అరవం బాగా వస్తుంది, ఆ ఊర్లో చానామందికి వస్తుంది లెండి. వాడు లేకుంటే మా పని అయ్యేదే కాదు.

కోవలం అనగానే అందరూ కేరళ అనుకుంటారు. ఇది అది కాదు. చెన్నైకి దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో, మహాబలిపురం పోయే ఈసీఆర్ రోడ్డు పక్కన ఉండే జాలర్ల ఊరు. కుప్పంలో రైలు జనరల్ బోగీ ఎక్కితే చెన్నై, ఆడి నుంచి సిటీ బస్సు. ఊర్లో పాత చర్చి ఒకటి, తమీమ్ అన్సారీ దర్గా ఒకటి, ఇసుకలో పడవలు, ఎండబెట్టిన వలలు. పక్కనే తాజ్ వాళ్ళ పెద్ద హోటల్, పేరు ఫిషర్‌మన్స్ కోవ్. జాలరి పేరు మీద హోటల్! లోపల జాలరి ఎవరైనా ఒక రాత్రి పండుకున్నాడో లేదో మరి.

మేము అడిగిన మొదటి లాడ్జిలో కౌంటరు దగ్గరాయన మా చెప్పులు చూసినాడు, బొరుగులూ చెనిక్కాయలూ ఉన్న మా గుడ్డసంచి చూసినాడు, రూములు లేవన్నాడు. ఆయన వెనక బోర్డు మీద తాళాలు వేలాడతానే ఉన్నాయి. కుప్పం వాడు బయటికొచ్చినాక చెప్పినాడు, తొమ్మిది ఎంచినానురా అని. ఎవరూ ఏం మాట్లాడలేదు. ఇట్లాంటివి మీకు నేను చెప్పాల్సిన పని లేదు కదా.

వెనక సందులో ఒక జాలరి కుటుంబం వాళ్ళ ఇంటి మిద్దె మీద ఆరు రూములు కట్టుకోని ఉన్నారు. ఆ ఇంటి అక్క మధ్యవారం కాబట్టి తగ్గించి ఇచ్చింది. ముగ్గురికీ కలిపి రాత్రికి వెయ్యి రూపాయలు. ఆధార్ కార్డులు తీసుకోని రిజిస్టర్ మా ముందుకు నెట్టింది.

నేను చిన్నప్పటి నుంచి నింపిన ఫారాలన్నిట్లో కులం గడి ఉండేది. స్కూలు, హాస్టలు, కాలేజీ అడ్మిషను, స్కాలర్‌షిప్, అన్నిట్లో. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ జిరాక్సులు లేకుండా నేను యాడా సంతకం పెట్టలేదు. ఈ రిజిస్టర్లో పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు, ఆఖర్లో "వచ్చిన పని". అంతే. ఆ ఆఖరి గడిలో ఏం రాయాలో మాకు తెలియలేదు. మా పైన పేర్ల ఎదురుగా ఇంగ్లీషులో ఆఫీసు పని అనీ, టూర్ అనీ ఉన్నాయి. మా సుగాలి దోస్తు తెలుగులో "సముద్రం" అని రాసేసినాడు. ఆ అక్కకు తెలుగు చదవడం రాదు, బాగుంది అన్నట్టు తల ఊపింది.

రూము గురించి గొప్పగా చెప్పేదేం లేదు. రెండు మంచాలు, కింద ఒక పరుపు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. తలుపు గడియ తుప్పు పట్టి సగమే పడుతుంది. కొళాయి నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. కానీ మా హాస్టల్ రూములో పద్నాలుగు మందిమి ఉంటాం. ఈడ ముగ్గురం. లైటు ఆర్పినాక సముద్రం చప్పుడు ఒక్కటే. నాకు రెండు గంటల దాకా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అలవాటుగా లేచి దుప్పట్లు మడిచి, టీ గ్లాసులు కడుగుతా ఉంటే ఆ అక్క పైకి వచ్చి గ్లాసు చేతిలోంచి తీసేసుకుంది. "విడు తంబీ, నీ గెస్ట్" అంది. విడు అంటే వదిలెయ్. గెస్ట్ అని నన్ను ఎవరైనా పిలవడం అదే మొదలు. మా నాయన పుంగనూరు దగ్గర ఇంకొకరి మామిడితోటకు కావలి. నేను పుట్టకముందు నుంచీ అదే పని. ఆ తోటలో ఓనరు వాళ్ళ గెస్ట్ హౌస్ ఉండాది. దాని తాళం మా నాయన మొలతాడుకే ఉంటుంది, వాళ్ళు వచ్చే ముందు మా అమ్మ కడిగి తుడిచి పెడుతుంది. వాళ్ళిద్దరూ దాంట్లో ఒక్క రాత్రి కూడా పండుకున్నది లేదు. పండుకోవచ్చని వాళ్ళకు తోచనే లేదేమో.

ఇప్పుడు అలల సంగతి. ఆ ఊరు సర్ఫింగ్‌కి పేరు. పలక మీద పండుకోని చేతుల్తో నీళ్ళు తోసుకుంటా లోపలికి పోతారు, అల వెనక నుంచి ఎత్తేటప్పుడు టక్కున లేచి నిలబడతారు. పలకకీ కాలి మడమకీ ఒక తాడు ఉంటుంది, పడినా పలక కొట్టుకోని పోకుండా. మూర్తి మేగవన్ అనే ఆ ఊరి జాలరాయన ముందు తాను నేర్చుకోని, తర్వాత ఊరి పిల్లలకు నేర్పినాడు. అరుణ్ వాసు అనే వ్యాపారవేత్త తోడు నిలబడితే అది సర్ఫ్ స్కూలు అయింది. 2013 నుంచి సర్ఫ్ పండగ కూడా మొదలుపెట్టినారు. ఇప్పుడు నేర్పేవాళ్ళలో చానామంది జాలర్ల పిల్లలే. పక్కన మహాబలిపురంలో 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగితే రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచినాడు. ఆ పోటీల్లో మన దేశానికి విడిగా ఒక మనిషి పతకం తేవడం అదే మొదటిసారి.

పాఠానికి మనిషికి వెయ్యికి పైనే అడిగినారు. ముగ్గురికీ కట్టలేం. చీటీలు వేసుకుంటే నాకు పడింది. చెరువుల్లో ఈదినోణ్ణే గానీ, చెరువు మనిషిని నెట్టదు కదా. సముద్రం నెట్టుతుంది. నాకు నేర్పిన అబ్బాయికి నా వయసే ఉంటుంది. గంటన్నరలో రెండుసార్లు నిలబడినా, ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి ఐదు. మీరు చూసిన ఫొటో ఆ ఐదు సెకన్లదే. ఒడ్డుకొచ్చినాక ఆ అబ్బాయి చెప్పినాడు, వాళ్ళ నాయన ఇప్పటికీ వేటకు పోతాడంట. పొద్దున వాడూ పోయి వల లాగి వచ్చి, తర్వాత మాకు పాఠం చెప్పినాడు. వాడు ఊరు వదిలి పోలేదు. నన్ను పట్టుకున్నది ఆ సంగతే.

మా అవ్వ ఎప్పుడూ అంటుంది, మన పెద్దోళ్ళు సముద్రం పక్కోళ్ళు అని. నిజమో కాదో గానీ, చెన్నైకి ఉత్తరాన పులికాట్ పక్కనున్న శ్రీహరికోట దీవిలో యానాదులు ఉండినారన్నది మాత్రం రాసిపెట్టిన సంగతే. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు వాళ్ళను అక్కడి నుంచి కదిలించినారు. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రాకెట్ లేచింది. రాకెట్ లేచే ప్రతిసారీ టీవీలో చూస్తాం, చప్పట్లు కొడతాం. ఆ నేల ఎవరిదని మా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

రెండో రోజు మహాబలిపురం పోయే దారిలో వడనెమ్మేలి దగ్గర దిగినాం. అక్కడ మొసళ్ళ బ్యాంకు ఆవరణలోనే ఇరుళర్ల పాముల సహకార సంఘం ఉండాది. 1978లో పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్ళు పాముల్ని పట్టి తోళ్ళు అమ్మేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక, ఎగుమతులు కూడా ఆగినాక ఆ బతుకు పోయింది. అప్పుడు రోములస్ విటేకర్ తోడుతో, అదే పనితనాన్ని విషం తీయడానికి మళ్ళించినారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కొన్ని వారాలు కుండల్లో పెట్టి, విషం తీసి, గుర్తు పెట్టి మళ్ళీ వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం వీళ్ళ చేతుల నుంచే పోతుంది. మా మామకు రక్తపింజర కరిస్తే ఆస్పత్రిలో ఇంజెక్షన్ వేసి బతికించినారు. ఆ మందు యాడి నుంచి బయల్దేరిందో ఆ రోజు చూసినా. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో ఫ్లోరిడా వాళ్ళు కూడా కొండచిలువల్ని పట్టడానికి పిలిపించుకున్నారు వాళ్ళను.

అక్కడొక పెద్దాయనతో కుప్పం వాడు మాట్లాడినాడు. మేము యానాదులమని చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "ఎలుకలు పడతారా?" మా తాత పట్టేవాడు, ఎలుకబొక్క తవ్వి వడ్లు తీసేవాడు అని చెప్పినా. ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. కాలేజీలో ఆ మాట అంటే తల దించుకుంటాం మనం.

అయితే అంతా బాగుందని నేను అనడం లేదు. కోవలం సందుల్లో జాలర్ల లాడ్జీలు ఉన్నాయి, బయటి డబ్బున్నోళ్ళ రిసార్టులు ఉన్నాయి. ఇరుళర్ల ఇల్లు అని చెప్పి రూము ఇచ్చేది నాకు ఒక్కటీ కనపడలేదు.

ఇంక మన పక్కకు రండి. మదనపల్లె దగ్గర హార్స్లీ హిల్స్. కలెక్టరు హార్స్లీ దొర ఇల్లు కట్టుకోకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ కొండజనానికి మందులిచ్చి రోగాలు బాగుచేసేదని కథ. మరి ఆ కథ చెప్పుకునే కొండ మీద రూములు ఎవరివి? చెంచు పిల్లలు అక్కడ ఏం పని చేస్తా ఉన్నారు? ఆ పక్క చదివే తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంటి మీద రెండు రూములు కట్టి, దారి చూపించి, ఆకు పేరు, పిట్ట పేరు చెప్పగలిగినోళ్ళు మనోళ్ళే కదా. బ్యాంకు లోను, ట్రైకార్ ఇట్లాంటివాటి గురించి తెలిసిన సీనియర్లు రాస్తే దాచిపెట్టుకుంటాను. నేను బీకాం, లెక్కలు వేసి పెట్టగలను.

పోవాలనుకునేవాళ్ళకు: శని, ఆదివారాలు వద్దు, రేట్లు రెండింతలు. ఒరిజినల్ ఆధార్ పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, సముద్రం మోటుగా ఉంటుంది. ఈత రానోళ్ళు లోపలికి పోవద్దు, ఒడ్డున కూచున్నా సరిపోతుంది. చేపల కూర అన్నం బీచ్ మీద కంటే ఊరి సందుల్లో చవక.

మా అమ్మ అడిగింది, పండుకోడానికి అంత డబ్బా అని. తర్వాత ఇంకొకటి అడిగింది, అక్కడ దుప్పట్లు ఎవరు ఉతుకుతారు అని. ఆ అక్కే ఉతుకుతుంది, ఇల్లు ఆమెదే అని చెప్పినా. కొంచెంసేపు ఊరికే ఉండింది. వచ్చే ఏడు ఇద్దర్నీ తీసుకుపోవాలని ఉండాది. జూన్, జూలైలో కాయ కోత, నాయన తోట వదిలి రాలేడు. ఆగస్టు అయితే కావలికి మా చిన్నాయనను పెట్టి వస్తానన్నాడు. ఇంకా ఏడాది ఉన్నా, ఆధార్ కార్డులు యాడ పెట్టిందో అని మా అమ్మ నిన్నటి నుంచే వెతుకుతా ఉంది.