ఏ పేజీ దగ్గర ఆగారు?

"బాగుందని చెప్పొద్దమ్మా, ఏ పేజీ దగ్గర ఆగావో అది చెప్పు." తెనాలి నుంచి విజయవాడ వెళ్లే పొద్దుటి పాసింజరులో, లేడీస్ పెట్టెలో, మా టీచరు గారు పెట్టిన నియమం ఇది. ఆగడమంటే విసుగొచ్చి మానేయడమని కాదు ఆవిడ ఉద్దేశం. చదువుతూ చదువుతూ ఎక్కడో ఒకచోట వేలు అడ్డం పెట్టి, పుస్తకం మూసి, కిటికీలోంచి బయటికి చూస్తాం కదా, ఆ చోటు. అది చెబితే చాలు, మిగతాది వినేవాళ్లు చదువుకుంటారు. కథంతా చెప్పేస్తే పుస్తకం తీయబుద్ధి కాదు, ఊరికే గొప్పదంటే నమ్మబుద్ధి కాదు అనేవారు.

ఆవిడ విజయవాడలో మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. నేను గవర్నర్‌పేటలో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాసేదాన్ని. మాతోపాటు ఒక స్టాఫ్ నర్సు, పోస్టాఫీసులో పనిచేసే పిన్ని, బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు. అందరం సీజన్ టికెట్ల మీద తిరిగేవాళ్లమే. దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కృష్ణా కెనాల్ అంటూ స్టేషన్లు చకచకా వెళ్లిపోయేవి గానీ, బ్రిడ్జి ముందు సిగ్నలివ్వక బండి నిలబెట్టారంటే మళ్లీ ఎప్పుడు కదులుతుందో గార్డుకి కూడా తెలిసేది కాదు. మా చదువు చాలావరకు అక్కడే సాగింది.

తెనాలి వాళ్లకి పుస్తకాలంటే మొదటినుంచీ ప్రాణం. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు అది. ఆ ఊరి చక్రపాణి గారు శరత్‌బాబు నవలల్ని బెంగాలీ నుంచి ఎంత చక్కగా తెచ్చారంటే, మా అమ్మ చాలా ఏళ్లు శరత్ తెలుగువాడే అనుకుంది. మా పెట్టెలో మాత్రం మొదట తిరిగినవి వారపత్రికలు, యద్దనపూడి నవలలు. అట్టలు ఊడి, కుట్లు తెగేదాకా చేతులు మారేవి. వాటిని ఎవరైనా చులకన చేసి మాట్లాడితే టీచరు గారు ఊరుకునేవారు కాదు. ఎంతమంది ఆడవాళ్లకి చదివే అలవాటు అక్కడే పట్టుకుందో ఆవిడకి తెలుసు. ఈ విషయంలో నాదీ ఆవిడ మాటే.

విజయవాడలో పుస్తకాల పండగ అప్పట్లో ఏటా జనవరి 1 నుంచి 11 దాకా స్వరాజ్ మైదానంలో జరిగేది. 2013 జనవరిలో తలా కొంత డబ్బు వేసుకుని, ఆఫీసులు వదిలాక అందరం కలిసి వెళ్లాం. సాయంత్రం బండికి టైము చూసుకుంటూనే స్టాళ్లన్నీ తిరిగాం. పది శాతం తగ్గింపు పోను మా డబ్బుకి వచ్చిన పుస్తకాలు ఒక గుడ్డసంచికి సరిపోయాయి. వాటికి పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసింది పిన్ని. వెనక అట్ట లోపలివైపు తెల్లగా ఖాళీ ఉంటుంది కదా, అక్కడ ఎవరు చదివితే వాళ్లు తమ పేరులో మొదటి అక్షరం, పక్కన ఆగిన పేజీ నంబరు పెన్సిలుతో రాయాలన్నారు టీచరు గారు. పెన్నుతో రాయనిచ్చేవారు కాదు.

ఆ సంచిలో అన్నిటికంటే సన్నటిది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. కేశవరెడ్డి గారు చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ ఏళ్ల తరబడి ఉన్నారు. ఆ మాట చెవిన పడ్డాకే మా నర్సక్క పుస్తకం అందుకుంది. "అలాంటి వార్డులో డ్యూటీ చేసొచ్చి, ఇంటికెళ్లి రాయడానికి కూచున్నాడంటే మామూలు మనిషి కాడు" అంది. ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు బ్రిడ్జి ముందు బండి ఆగితే, తను ఆగిన పేజీ చెప్పమన్నాం. "చెప్పలేను, చదువుతాను" అని పైకి మొదలుపెట్టింది.

కథ చిన్నది. పందుల్ని మేపుకునే ఒక ముసలాయన, మందలోంచి తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి వెళతాడు. అది అక్కడ పొదల్లో ఈనింది. తను పెంచిన పందే, ఇప్పుడు ఆయన్ని దగ్గరికి రానివ్వదు. చుట్టూ చీకటి, నక్కల కూతలు. పిల్లల్ని కాపాడాలి, తల్లి చూస్తే మీదికొస్తోంది. ఆ రాత్రంతా ఆయన పడే యాతనే నవల. ముసలాయనకి పేరుండదు. ఆయన అడవిని చదివే తీరు, గాలి ఎటు వీస్తోందో, ఏ అలికిడి ఏ జంతువుదో గుర్తుపట్టే తీరు, ఆ పని చేసి బతికినవాళ్లకి తప్ప తెలియదనిపిస్తుంది.

దుగ్గిరాలలో రోజూ మల్లెమొగ్గల మూటతో ఒక పెద్దావిడ ఎక్కేది. తలుపు పక్కన కింద కూచుని, అరటినారతో దండ కడుతూ వచ్చేది. విజయవాడ చేరేసరికి మూరలు సిద్ధం కావాలి, అందుకని ఎవరు పలకరించినా తలెత్తేది కాదు. నర్సక్క చదువుతుంటే ఆవిడ చేతులు ఆగిపోవడం నేను చూశాను. బొటనవేలికి నార చుట్టి ఉంది, రెండో చేతిలో నాలుగు మొగ్గలు అలాగే ఉన్నాయి. పంది ముసలాయన మీదికి వచ్చే చోట ఉండబట్టలేక అనేసింది: "ఈనిన పంది దగ్గరికి ఎవురన్నా పోతారా తల్లీ? దానికి పెంచినోడు, పెట్టినోడు ఏం గుర్తుంటది అప్పుడు? మా అయ్య తొడమీద ఇంత గాటు."

పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు. పుస్తకంలో ఉన్నది నిజమేనని మాకు చెప్పగలిగింది అక్కడ ఆవిడ ఒక్కతే. బండి కదిలింది, నర్సక్క చదువుతూనే ఉంది. బ్రిడ్జి మీద అందరం అలవాటుగా కృష్ణమ్మకి పైసలు వేసేవాళ్లం. ఆరోజు ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు దుగ్గిరాలలో బండి ఇంకా పూర్తిగా ఆగకముందే ఆవిడ గొంతు వినబడింది. "నర్సమ్మా, రానిచ్చిందా ఆయన్ని?" మూట పైకి పెట్టకుండానే అడిగింది. ముగింపు దాకా చదివించుకునే వదిలింది. ఆ ముగింపు ఏమిటో ఇక్కడ రాయను. పుస్తకం అయిపోయాక దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వెనక అట్ట మీద అక్షరాలేమిటని అడిగింది. టీచరు గారు చెబితే, "నాదీ రాయి, పంది మీదికొచ్చిన కాడ" అంది. టీచరు గారు ఆ పేజీ వెతికి, ఆవిడ పేరులో అక్షరం అడిగి, పెన్సిలుతో రాశారు.

ఇంత జరిగాక పుస్తకాల మీద పెద్దపెద్ద సమీక్షలు చదివితే నాకు తృప్తిగా ఉండటం లేదు. పుస్తకం ఎవరి చేతిలో పడింది, వాళ్ల బతుకులో ఏ చోట తగిలింది అన్నది చెప్పకుండా ఎంత చెప్పినా కొంత తక్కువే.

పిన్ని సంగతీ అంతే. భర్త పోయాక కారుణ్య నియామకం కింద పోస్టాఫీసులో చేరింది ఆవిడ. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' అప్పటికి కొత్తగా వచ్చింది, 2012లో. కోటేశ్వరమ్మ గారిది 1918లో పుట్టిన ప్రాణం. బాల్య వితంతువు, ఆపైన కొండపల్లి సీతారామయ్య గారితో మారు పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. భర్త విడిచివెళ్లాడు, కడుపున పుట్టిన ఇద్దరూ ఆమె కళ్లముందే లేకుండా పోయారు. ఇవన్నీ 90 దాటాక రాశారు, ఎక్కడా గొంతు పెంచకుండా రాశారు. పిన్ని ఆగింది ఆ పెద్ద దుఃఖాల దగ్గర కాదు. ముప్పై దాటాక మళ్లీ చదువుకి కూచుని, తర్వాత కాకినాడలో హాస్టలు మేట్రన్ ఉద్యోగం చేసుకుంటూ తన కాళ్ల మీద తను నిలబడ్డ భాగం దగ్గర ఆగింది. "ఈమెకి జీతం చేతికొచ్చిన రోజు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు" అంది. అంతకుమించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ వారంలోనే బట్టల షాపు పిల్లలు ఇద్దరు ఆ పుస్తకం కోసం పోటీపడ్డారు. 2018 సెప్టెంబరులో, నూరేళ్ల వయసులో కోటేశ్వరమ్మ గారు పోయారని పేపర్లో చూసి పిన్ని నాకు ఫోన్ చేసింది.

మరో పుస్తకం మా పెట్టెలో నడవడికనే మార్చింది. తమిళనాడుకి చెందిన ఎ. రేవతి తన కథ తనే రాసుకుంటే, మా విజయవాడ కథకురాలు పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మా బండిలో హిజ్రాలు చప్పట్లు కొడుతూ ఎక్కితే అందరం ముఖాలు తిప్పుకుని, సంచులు ఒళ్లోకి లాక్కునేవాళ్లం. పుస్తకం ఒక చుట్టు తిరిగాక, ఒకరోజు వాళ్లలో ఒకామె ఎండకి సోలి తలుపు దగ్గర నిలబడితే, షాపు పిల్ల ఒకతె జరిగి "కూచో అక్కా" అంది. ఆమె కూచుంది. నీళ్లు తాగింది. పెదవడ్లపూడిలో దిగి వెళ్లిపోయింది.

అన్ని పుస్తకాలూ ఇలా అందరినీ పట్టుకోలేదు. 'చివరకు మిగిలేది' నాకు ప్రాణం, మా పెట్టెలో ఒక్కరికీ ఎక్కలేదు. శ్రీరమణ 'మిథునం' మాత్రం ఇచ్చిన చోటల్లా నిలిచింది. బాపు గారు ముచ్చటపడి ఆ కథంతా తన చేత్తో రాశారంటే ఊరికేనా. 'చదివి తీరాల్సిన పుస్తకాలు' అని ఎవరైనా జాబితా ఇస్తే నాకు అందుకే నచ్చదు. మనిషిని చూసి పుస్తకం ఇవ్వాలి. నైట్ డ్యూటీలు చేసే మనిషికి ఒకటి, కొత్తగా పెళ్లయి కొంప తలకిందులైన పిల్లకి ఇంకొకటి.

ఈమధ్య నేను మళ్లీ చదివింది 'వనవాసి'. విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన బెంగాలీ నవలకి సూరంపూడి సీతారాం గారి తెలుగు. బీహారు అడవుల్ని రైతులకి కౌలుకివ్వడానికి కలకత్తా నుంచి వెళ్లిన సత్యచరణ్ కథ. అడవిని ప్రేమిస్తూనే దాన్ని కొట్టించే ఉద్యోగం అతనిది. అందులో యుగళప్రసాద్ అనే అతనున్నాడు. ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, పూలమొక్కలు తెచ్చి సరస్వతీ కుండం చుట్టూ అడవిలో నాటుతుంటాడు. అది అతని భూమి కాదు, ఎవరూ చేయమనలేదు, పైసా రాదు. నేను ఆగింది అతని దగ్గర. టీచరు గారికి ఫోన్ చేసి చెబితే, "నేనూ అక్కడేనే" అన్నారు. ఆవిడ రిటైరై తెనాలిలోనే ఉన్నారు, చూపు తగ్గింది, మనవరాలు చదివి పెడుతోంది.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే కేశవరెడ్డి గారి నవలే చెబుతాను. చిన్న పుస్తకం, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. చదివాక బీరువాలో పెట్టేయకండి. వెనక అట్ట మీద మీ పేజీ నంబరు పెన్సిలుతో రాసి, పక్కింటావిడకి ఇవ్వండి. ఆవిడకి చదవడం రాకపోతే, కాసేపు కూచుని చదివి వినిపించండి.