అతికించాక ముక్కలు పారేయకండి

విడి ఫొటోలను కంప్యూటర్‌లో అతికించి వెడల్పాటి పనోరమా చేయడం నాకు బోధన్‌లో అబ్బింది. 2015లో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీని శక్కర్‌నగర్‌లో దూరంగా నిలబడి, స్టాండు లేకుండా, ఒళ్లు పక్కకు తిప్పుతూ తీశాను. హగిన్ అనే అతికింపు సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అతుకు కనపడకుండా కలిసింది. అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని నమ్మేశాను.

రథసప్తమికి కంఠేశ్వర్‌లో నీలకంఠేశ్వరాలయానికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. మండపం స్తంభాల పక్కన అందరినీ వరుసగా నిలబెట్టి అదే తీరున తీశాను. ఇంటికొచ్చి చూస్తే స్తంభం నడుమ విరిగినట్టుంది. ఎండలో తీసినదాని వెలుగు ఒక తీరు, నీడలో తీసినదాని వెలుగు ఒక తీరు. ఎక్స్‌పోజర్ లాక్ చేయలేదు మరి. మనవడిని పట్టుకోబోయి కదిలిన పెద్దమ్మకు ఒక చెయ్యి లేదు.

ఫ్యాక్టరీ దగ్గర కుదిరింది గుడిలో ఎందుకు కుదరలేదో తర్వాత తెలుసుకున్నాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫొటోల్లో ఒకేలా ఉన్న బిందువులను వెతికి కలుపుతుంది. 1999లో డేవిడ్ లో అనే ఆయన ప్రకటించిన సిఫ్ట్ పద్ధతి ఈ పనికి పెద్ద ఊతమిచ్చింది. అయితే లెన్స్ ఉన్నచోటే తిరిగిందన్న లెక్క మీదే ఇదంతా నడుస్తుంది. మనం ఒళ్లు తిప్పితే చేతుల్లోని కెమెరా చోటు మారుతుంది. దూరపు ఫ్యాక్టరీకి ఆ తేడా తెలియదు. దగ్గరి స్తంభం మాత్రం ఒక ఫొటోలో వెనకున్న గోడను కప్పుతుంది, మరోదాంట్లో బయటపెడుతుంది. ఆ రెంటినీ ఏ లెక్కా కలపలేదు. స్టాండు మీద లెన్స్‌నే ఇరుసుగా పెట్టి తిప్పాలి. పక్క ఫొటోతో మూడోవంతైనా కలిసేలా తీయాలి. మనుషుల్ని అతుకు పడే చోట నిలబెట్టకూడదు.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. కార్డులో చోటు లేదని, అతికింపు పూర్తవగానే విడి ఫొటోలన్నీ చెరిపేశాను. హగిన్‌లో మాస్క్ అని ఒకటుంది. పెద్దమ్మను ఫలానా ఫొటోలోంచే తీసుకోమని దాంతో గీత గీసి చెప్పొచ్చు. ఆమె నిండుగా ఉన్న ఫొటో నా దగ్గర ఉండింది. మాస్క్ గురించి తెలిసేనాటికి అది లేదు. పెద్దమ్మ ఆ పనోరమా చూసి ఏమీ అనలేదు, కడిగించి ఇవ్వమనీ అడగలేదు.

మీరూ ఇలా అతికించేవాళ్లయితే విడి ఫొటోలను దయచేసి దాచండి. ఇంట్లో పెద్దవాళ్లున్నవైతే రెండుచోట్ల దాచండి.