జెల్ పలక మీద అమ్మమ్మ

అచ్చు చిత్రాలనగానే మనకు పెద్ద ప్రెస్సు, యాసిడ్ తొట్టె, రాగి రేకు, యూనివర్సిటీ స్టూడియో గుర్తొస్తాయి. ఇవేవీ ఇంట్లో పెట్టుకునేవి కావు. 'చీకటి పడ్డాక ఇంటికెలా వస్తావ్' అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ఆ స్టూడియోల దాకా వెళ్లగలిగిన ఆడవాళ్లు నా తరంలో ఎంతమంది? జెల్ పలకకు ప్రెస్సు అక్కర్లేదు. అరచేయి చాలు.

ఒకటిన్నర కప్పు గ్లిజరిన్‌లో సుమారు 45 గ్రాముల జెలటిన్ పొడి నానబెట్టి, ఒకటిన్నర కప్పు మరిగే నీళ్లు పోసి, ఉండలు కట్టకుండా కలిపి పళ్లెంలో పోయాలి. పైన తేలిన నురగను కాగితంతో లాగేసి రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దుటికి మెత్తటి పలక తయారవుతుంది. చిరిగితే మళ్లీ కరిగించి పోసుకోవచ్చు.

జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. దాచి చేయడం ఇష్టంలేక అత్తయ్యకు ముందే చెప్పాను. "నా గిన్నెలో మాత్రం వద్దు" అంది. చైనా గ్రాస్‌తో చేసి చూశాను. సముద్రపు నాచు కాబట్టి మడికి అడ్డులేదు గానీ ఒట్టి పెళుసు, రోలర్ నాలుగుసార్లు నడిచేసరికి బీటలువారింది. మనం మింగే మందుల క్యాప్సూళ్ల పైతొడుగు కూడా ఎక్కువగా జెలటినే, ఆ మాట ఆవిడతో అనలేదు. వేరే గిన్నె కొనుక్కున్నాను. వంటిల్లు ఆడవాళ్లదంటారు. ఏ ఆడదానిదో, ఏ కులం కట్టుబాట్లదో మాత్రం అడగరు.

బొమ్మ పలక మీదికి దిగే పద్ధతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. పలక మీద నల్లటి యాక్రిలిక్ రంగును వీలైనంత పలచగా రోలర్‌తో పరచాలి. లేజర్ యంత్రంలో తీసిన జిరాక్స్ కాపీని బోర్లా వేసి, అరచేత్తో రుద్ది, కొన్ని సెకన్లలో ఎత్తేయాలి. కాగితంలో తెల్లగా ఉన్నచోటల్లా రంగు కాగితానికి అంటుకుని లేచిపోతుంది. టోనర్ ఉన్న నల్లటి భాగాలు రంగును పట్టుకోవు, అక్కడి రంగు పలక మీదే ఉండిపోతుంది. అది ఆరాక పైన ఇంకో రంగు, నేనైతే పసుపు మట్టిరంగు, పరిచి మంచి కాగితం వేసి ఆరనిస్తే రెండు పొరలూ కలిసి ఊడి వస్తాయి. రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి ఎడమ ఎడమగానే ఉంటుంది, అక్షరాలు తిన్నగా చదువుకోవచ్చు. ఇంక్‌జెట్ ప్రింటు పనికిరాదు, తడికి అలుక్కుపోతుంది. విజయవాడ మే నెలలో ఫ్యాను ఆపకపోతే కాగితం వేసేలోపే రంగు ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, మధ్యాహ్నం రెండింటికి, చెమటలు కక్కుతూ చేశాను చాలావరకు.

నేను వేసుకున్నది 1958లో తాతయ్య ఇంటి ముందు తీసిన ఫొటో. కుర్చీల్లో ఆరుగురు మగవాళ్లు, తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు. వెనక సున్నం గోడ. గోడ మధ్య తెరిచిన తలుపు. ఆ చీకట్లో ముగ్గురు ఆడవాళ్లు. అందులో మధ్యనున్నావిడ మా అమ్మమ్మ. మరుసటి ఏడాది కాన్పులో పోయింది, ఇంకో ఫొటో లేదు. ఈ ఫొటో వెనక ఆరుగురి పేర్లూ సిరాతో రాసి ఉన్నాయి.

జిరాక్స్ షాపు అబ్బాయిని కాపీ బాగా పలచగా తీయమన్నాను. చీకట్లో ఉన్న ముఖాలు కొంచెం తేలాయి. పంచెలూ చొక్కాలూ మగవాళ్ల ముఖాలూ గోడలో కలిసిపోయాయి. ప్రింటు ఊడదీస్తే పసుపురంగు ఖాళీలో ఆరు క్రాపులు, కొన్ని మీసాలు, కుర్చీ కాళ్లు. తలుపులో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎగిరి గంతేశాను. చరిత్రను తిరగరాయడం అంటే ఇదేగా అనుకున్నాను, మన పత్రికల్లో మనం ఎన్నిసార్లు వాడిన మాట!

అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "మా నాన్న ఏడే?" అంది.

చెప్పడానికి ప్రయత్నించాను. ఆవిడ వినలేదు. "అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆయనే. నీకు మీ పుస్తకాల్లో మగాళ్లందరూ ఒకటేనేమో" అంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన జడలు వేయడం నిజం, ఆ ఫొటో రోజున కుర్చీ ఆయనకూ గడప అమ్మమ్మకూ దక్కడం కూడా నిజం. కానీ అమ్మ అడిగినదాన్ని కొట్టిపారేయలేకపోయాను. కాపీ నల్లగా తీస్తే తాతయ్య వస్తాడు, అమ్మమ్మ చీకట్లోకి పోతుంది. పలచగా తీస్తే ఆవిడ వస్తుంది, ఆయన పోతాడు. ఒకే కాపీలో ఇద్దరూ రారు.

జర్మన్ చిత్రకారిణి హన్నా హోఖ్ 1916 నుంచి పదేళ్లపాటు బెర్లిన్‌లో ఒక ప్రచురణ సంస్థకు అల్లికల, కుట్టుపనుల నమూనాలు గీసింది. ఆ ఉద్యోగం చేస్తూనే పత్రికల్లో బొమ్మలు కత్తిరించి కొత్త చిత్రాలు అతికించేది. 1919 నాటి ఆమె చిత్రం పేరులోనే వంటింటి కత్తి ఉంది. ఆ సంగతి అమ్మకు చెబితే, "కత్తెందుకు, కత్తెర తీసుకురా" అంది. పలచటి కాపీలోంచి తలుపునూ నల్లటి కాపీలోంచి తాతయ్యనూ అమ్మే కత్తిరించింది. రెంటినీ అతికించి మళ్లీ జిరాక్స్ తీయించాం. మిగతా అయిదుగురినీ గోడలో ఉండనిచ్చింది, ఎందుకని నేను అడగలేదు.

అతుకు గీత ప్రింటులో కనిపిస్తోంది. కనిపించనీ.

ఆరాక అమ్మ దాన్ని తిప్పి, వెనక పెన్సిలుతో తాతయ్య పేరు, అమ్మమ్మ పేరు, ఎడమవైపున్న మేనత్త పేరు రాసింది. కుడివైపు నిలబడినావిడ ఎవరో గుర్తురాలేదు. పెద్దమ్మకు ఫోన్ చేసింది. ఆవిడకీ తెలియదట. "మనింట్లోనే ఉండేది, వంటచేసేది" అందట.