రెండు అర్జీలు, ఒకే దస్తూరీ

మా వూళ్లో నా దస్తూరీకి మంచి పేరు. పంట నష్టం దరఖాస్తయినా, కరెంటాఫీసు కాయితమయినా నా చేతే రాయిస్తారు. నా బి.ఎస్సీ. చదువు వాళ్లకు పనికొచ్చింది ఇంతవరకే!

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఓ పొద్దున మా బాబాయి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మణికట్టు మీద నాలుగు గోళ్ల గాట్లు. "మీ పిన్ని చేసిన పని చూశావట్రా? పోలీసులకి అర్జీ రాయి" అన్నాడు. "నా భార్య నన్ను గోళ్లతో గాయపరచినది" అని రాసిచ్చాను. ఎందుకు రక్కిందని అడగలేదు. పెద్దవాణ్ణి ఎలా అడుగుతాం?

మధ్యాహ్నం పిన్ని కబురంపింది. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉంది. "గొంతు పట్టుకున్నాడురా. విడిపించుకోటానికి రక్కాను" అంది. ఆమె అర్జీ కూడా నేనే రాశాను. రెండింటిలోనూ అబద్ధం లేదు.

స్టేషన్లో ఎస్సైగారు కాయితాలు రెండూ పక్కపక్కన పెట్టి, "రాసింది ఒకడేనే!" అని నవ్వాడు. "ఇద్దరూ కొట్టుకున్నారు. కడితే ఇద్దరి మీదా కేసు కడతా. రాజీ పడతారా?" బాబాయి వెంటనే సరేనన్నాడు. భర్త పక్కనే కూర్చోగా పిన్ని మాత్రం ఏమంటుంది? తలూపింది. ఆసుపత్రికి పంపి మెడ చూపించలేదు. గొంతు నొక్కితే పైకి గుర్తు పడకపోవచ్చు కూడా.

తరువాత లా చదివే సీనియరు నడిగి తెలుసుకున్నాను. భర్త పెట్టే హింసకు 1983లో వచ్చిన 498-ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. భార్య ఫిర్యాదిస్తే పోలీసులే దర్యాప్తు చేయవచ్చు. కుటుంబ తగాదాల్లో ముందు కొంత విచారించుకోవచ్చని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అన్నది. బాబాయి చెప్పిన చిన్న గాయానికైతే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే దర్యాప్తే లేదు. మరి రెండింటినీ ఒకే తక్కెడలో ఎలా వేశారు? 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉంటారనీ, రక్షణ ఉత్తర్వు కోరవచ్చనీ పిన్నికి చెప్పవలసిన బాధ్యత ఆ స్టేషనుదే. ఎవరూ చెప్పలేదు.

మగవాడు దెబ్బలు తినడని నేననను. తినేవాళ్లనూ చూశాను. కాని ముందు చెయ్యెత్తిందెవరు, ఎవర్ని చూసి ఎవరు భయపడుతున్నారు అని ఇద్దర్నీ విడివిడిగా అడగటానికి పది నిముషాలు చాలేవి. ఆయన్ని అని ఏం లాభం? నేనూ అడగలేదుగా.

బాబాయి బండి స్టార్టు చేశాడు. వెనక ఎక్కబోతూ పిన్ని నా వంక చూసి, "మొదటిది రాసేముందు నన్నొక్కమాట అడగాల్సిందిరా" అంది.