బయీయాలో ముదిగుబ్బ

ముదిగుబ్బలో పుట్టినవాడికి సముద్రం బడిపుస్తకంలోని మాట. ధర్మవరం నుంచి పాకాల పోయే రైలుదారిలో వున్న మా మెట్టవూరికి వాన యెప్పుడూ బాకీయే. చెనిక్కాయ పూతకు వచ్చినప్పుడు పడదు, పెరికి కుప్ప వేసినప్పుడు పడుతుంది. అటువంటి వూరివాణ్ణి నేను, డెబ్బయ్యేళ్లకు దగ్గరపడ్డాక, 2023 చివర అట్లాంటిక్ వొడ్డున బ్రెజిల్ దేశంలోని సల్వదోర్ పట్నంలో అయిదు రోజులు తిరిగాను. మా అమ్మాయి ఆ దేశంలో వుద్యోగం చేస్తున్నది గనక ఆ అవకాశం కలిగింది. చూసినవన్నీ వరసగా చెప్పాలని యిది రాయడం లేదు. అక్కడ నన్ను పట్టుకొన్న ప్రశ్న వొకటి వున్నది. అది మా వూళ్లోనే పుట్టిన ప్రశ్న. దాన్ని గురించి చెప్పాలి.

సల్వదోర్ బయీయా రాష్ట్రానికి ముఖ్యపట్నం. పోర్చుగీసువారు 1549లో కట్టారు. 1763 దాకా బ్రెజిల్ వలసకు అదే రాజధాని. కొండ అంచున ఎగువ పట్నం, దాని కింద రేవు. ఆ రేవులో ఆఫ్రికా మనుషులు దిగేవారు. ఆ రేవులోనే చక్కెర, పొగాకు ఓడలకెక్కేవి. బయీయా పొగాకు ఆఫ్రికా వెళ్లి అక్కడ మళ్లీ మనుషుల్ని కొని తెచ్చేది. మూడు శతాబ్దాలకు పైగా సాగిన యీ వ్యాపారంలో బ్రెజిల్ నేల మీద ప్రాణాలతో దిగినవారే 48 లక్షల మంది వుంటారని చరిత్రకారుల అంచనా. అమెరికా ఖండాలన్నిటిలోనూ బానిసత్వాన్ని ఆఖరున రద్దు చేసిన దేశం బ్రెజిల్. ఆ చట్టం 1888 మే 13న వచ్చింది.

పాతపట్నం నడిబొడ్డున పెలొరిన్యో అనే పేట వున్నది. రాళ్లు పరిచిన వాలువీధులు, పసుపూ నీలమూ గులాబీ రంగులు వేసిన మేడలు, అడుగడుగునా డప్పుల మోత. చూడడానికి పండుగ లాగే వుంటుంది. మా అమ్మాయి ఆ పేరుకు అర్థం చెప్పింది: కొరడాదెబ్బలు కొట్టడానికి బానిసల్ని కట్టేసే స్తంభం. పేటంతటికీ ఆ స్తంభం పేరే మిగిలింది. 1985లో యునెస్కో యీ పాతపట్నాన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. తరవాత, 1990లలో, యిళ్లకు మరమ్మతులు చేసి రంగులు వేసే వంకతో, శిథిలమైన ఆ మేడల్లో తలదాచుకొంటున్న పేద నల్లవాళ్లలో చాలామందికి కొద్దిపాటి పరిహారం చేతిలో పెట్టి ప్రభుత్వం పంపించివేసింది. వారసత్వాన్ని కాపాడారు, వారసుల్ని మాత్రం వెళ్లగొట్టారు. సంస్కృతి పేరిట నాలుగు డబ్బులు వచ్చే చోట యిటువంటి పని ప్రతి దేశంలోనూ జరుగుతుందని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పేటకు పైన వొక చర్చి లోపలంతా బంగారు రేకులు తాపడం చేసి వున్నది. వాలు కిందికి దిగితే నీలిరంగు చర్చి వొకటి వస్తుంది. అది నల్లవారి రోజరీ మాత చర్చి. 18వ శతాబ్దంలో నల్లవారి సంఘం తమ కోసం తాము కట్టుకొన్నది. పగలు యజమాని పని, ఆ పని ముగిశాక తమ చర్చి పని. అందుకే అది లేవడానికి చాలా యేళ్లు పట్టింది. నేను భక్తుణ్ణి కాను. అయినా ఆ నీలిగోడ దగ్గర నిలబడ్డంతసేపు బంగారు చర్చిలో నిలబడలేకపోయాను. 1835 జనవరిలో యీ పట్నంలోనే ముస్లిం ఆఫ్రికన్లు తిరుగుబాటు చేశారు. వొక్క రాత్రిలో అణచివేశారు గాని, బానిసల యజమానులకు మళ్లీ చాలాకాలం నిద్రపట్టలేదు. బానిసలు దెబ్బలు తిన్నవారు మాత్రమే కారు; కట్టినవారు, తిరగబడినవారు కూడాను.

ఇంతవరకు నా మనస్సు నిబ్బరంగానే వుంది. సామ్రాజ్యవాదాన్ని ద్వేషించడం మాకు చిన్ననాటి నుంచీ అలవాటే కదా! పోర్చుగీసువాణ్ణి తిట్టుకొంటూ వీధులు తిరిగాను. అందులో నాకు ఖర్చేమీ లేదు.

మూడోనాటి సాయంత్రం వీధి మూల తెల్లలంగా, తెల్లతలగుడ్డ కట్టుకొన్న నల్లజాతి స్త్రీ వొకామె పెద్ద మూకుడు ముందు కూర్చొని వున్నది. మా అమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది. "నాయనా, చూడు, మన అలసంద వడే గదా యిది!"

నిజంగా అలసంద వడే. పొట్టు తీసిన అలసందలు రుబ్బి, ఎర్రగడ్డా వుప్పూ కలిపి, మరిగే నూనెలో వేస్తున్నది. నూనె మాత్రం ఎర్రని తాటిజాతి నూనె. అకరజె అంటారట. కాలిన వడను మధ్యకు చీల్చి, ఎండురొయ్యలు, మిరపకారం, చెనిక్కాయా జీడిపప్పూ కొబ్బరిపాలూ కలిపి వండిన ముద్ద కూరి కాగితంలో పెట్టి యిచ్చింది. పూర్వం బానిస స్త్రీలు యిట్లాగే వీధుల్లో అమ్మి, వచ్చిన దాంట్లో యింత అని యజమానికి కట్టేవారు. మిగిలిన పైసలు కూడబెట్టి కొందరు తమను తామే కొనుక్కొన్నారు.

సరుకుల చరిత్ర చిత్రమైనది. అలసంద ఆఫ్రికాలో పుట్టింది. యెప్పుడో ప్రాచీన కాలంలోనే మన నేలకు వచ్చింది. మా జిల్లాను బతికించిందీ అప్పుల పాలు చేసిందీ అయిన చెనిక్కాయ పుట్టింది దక్షిణ అమెరికాలో. మన ఒంగోలు ఎద్దు 1868లో యీ సల్వదోర్ రేవులోనే దిగింది. ఇంగ్లండుకు పోతున్న ఓడ ఆగినప్పుడు వొక జత అమ్ముడుపోయిందని అక్కడి పశుపోషకులు చెప్పుకొంటారు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోది గనక ఆ జాతికి నెలోరి అని పేరు పడింది. ఇవాళ బ్రెజిల్‌లోని 20 కోట్లకు పైబడిన పశువుల్లో హెచ్చు భాగం ఆ జాతి రక్తం వున్నవే. గింజకూ గొడ్డుకూ దేశాలు దాటినచోట గౌరవం దొరికింది. మనిషికి దొరకలేదు.

ఆ వడ కొరికినప్పుడు నాకు మా పెరడు గుర్తుకు వచ్చింది. పండుగనాడు మా అమ్మ అలసంద వడలు చేసేది. మా జీతగాడు పెరటి గుమ్మం అవతల నిలబడి రెండు చేతులూ దోసిలి పట్టేవాడు. అమ్మ తాకకుండా పైనుంచి వడలు వదిలేది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. రెండు వడలు యెక్కువే వేసేది. తాకేది మాత్రం కాదు.

అతని పేరు యిక్కడ రాయను. అతని మనవలు యిప్పుడు చదువుకొన్నవాళ్లు. వాళ్లనడగకుండా రాసే హక్కు నాకు లేదు. 1952 కరువులో అతని నాయన మా అబ్బ దగ్గర రెండు మూటల కొర్రలూ నూరు రూపాయలూ తీసుకొన్నాడు. దాని కింద పదేళ్ల పిల్లవాణ్ణి మా యింట్లో వదిలిపెట్టాడు. ఆ నూరు రూపాయలకు వడ్డీ యెట్లా పెరిగిందో మా అబ్బ లెక్కపుస్తకానికే తెలియాలి. పిల్లవాడు పెరిగి పెద్దవాడైనాడు, పెండ్లి చేసుకొన్నాడు, గడ్డివాములో పండుకొన్నాడు. బాకీ మాత్రం తీరలేదు. 1972లో నేను అనంతపురం వీధుల్లో వియత్నాం మీద బాంబులు ఆపాలని గొంతు పగిలేటట్టు అరిచి, శనివారం వూరికి వస్తే, రైలు దగ్గరికి బండి కట్టుకొని వచ్చినవాడు అతనే. నా పెట్టె మోసినవాడూ అతనే. ఆ పెట్టెలో కమ్యూనిస్టు ప్రణాళిక వున్నది.

మన వూళ్లలో యీ సంగతులు చెప్పితే, "అదంతా కరువు చేసిన పని" అంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకొన్నాను. కరువును గురించి బ్రెజిల్ నాకు మరొక పాఠం చెప్పింది.

మా అవ్వ తన అవ్వ చెప్పిన ధాత కరువు కథలు చెప్పేది. అది 1876-78 నాటిది. ఆ కరువులో 50 లక్షలకు పైగా జనం చనిపోయారు. ఆ యేళ్లలోనే మన దేశం నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఓడల్లో పోయింది. రోజంతా రాళ్లు కొట్టిన కూలికి వొక పౌను గింజలు చాలునని రిచర్డ్ టెంపుల్ దొర నిర్ణయించాడు. సరిగ్గా అప్పుడే, 1877-79లో, బయీయాకు వుత్తరాన వున్న సియరా రాష్ట్రంలో వాన లేక లక్షలాది జనం సముద్రతీరానికి నడిచి దారుల్లో రాలిపోయారు. రెండు చోట్లా వానను ఆపింది వొక్కటే కారణమని, పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కడమేనని, యీనాటి శాస్త్రజ్ఞులు అంటారు. వాన ఆగడానికి సముద్రం కారణం కావచ్చు. ధాన్యం ఓడ యెక్కడానికి, మనిషి అమ్ముడుపోవడానికి సముద్రం కారణం కాదు.

సియరాలో కరువు పట్టగానే యజమానులు డబ్బు కోసం తమ బానిసల్ని దక్షిణాది కాఫీతోటలకు అమ్మసాగారు. మనుషుల్ని వొడ్డు నుంచి ఓడ దాకా తెప్పల మీద చేర్చాలి. 1881లో ఫోర్తలేజా రేవులోని తెప్పలవాళ్లు ఆ పని చెయ్యమన్నారు. వాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సిస్కో జొజె దొ నసిమెంతో. జనం అతన్ని సముద్రపు డ్రాగన్ అన్నారు. తెప్పకు వాళ్లు వాడే మాట 'జంగాద'. పోర్చుగీసువారు మన మలబారు తీరంలో 'చంగాడం' అన్న మాట విని పట్టుకుపోయినదే అది. తెప్పలు కదలకపోయేసరికి వ్యాపారం ఆగింది. దేశమంతటి కన్న నాలుగేళ్లు ముందుగా, 1884లోనే, సియరాలో బానిసత్వం రద్దయింది. కరువు మా వూళ్లోనూ వచ్చింది, వాళ్ల వూళ్లోనూ వచ్చింది. అక్కడ తెప్ప నడిపేవాడు చెయ్యనన్నాడు. ఇక్కడ నేను బండి యెక్కి కూర్చొన్నాను.

ఇక చట్టం సంగతి. బ్రెజిల్ 1850 సెప్టెంబరులో రెండు చట్టాలు చేసింది. మొదటిది ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని ఆపింది. రెండువారాల తరవాత వచ్చిన రెండోది, ప్రభుత్వ భూమి యికమీదట డబ్బు పెట్టి కొనేవాడికే దక్కుతుందన్నది. అంటే రేపు విడుదల కాబోయేవాడికి నేల దక్కకుండా ముందే కంచె వేశారు. 1888లో సంకెళ్లు తీసేశారు. సెంటు భూమి యివ్వలేదు. స్వేచ్ఛ పొందినవాడు కూలికోసం పాత యజమాని గుమ్మం దగ్గరికే తిరిగి వచ్చాడు.

మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ యేడు నేనే, చదువుకొన్న గర్వంతో, మా నాయనతో పోట్లాడి బాకీ కొట్టేయించాను. మా నాయన లెక్కపుస్తకంలో ఆ కాగితం చించి పారేసి, "పో, యింగ నీకూ మాకూ యేం లేదు" అన్నాడు. నేను విజయం సాధించినట్టు నిలబడ్డాను. అతను మా నాయన వైపు చూడలేదు. నా వైపు చూసి అడిగాడు.

"ఇప్పుడు నేను యాడికి పోవల్ల సామీ?"

నా దగ్గర జవాబు లేదు. మాకు ఆనాడు ముప్పయి యెకరాల మెట్ట వున్నది. అందులో రెండెకరాలు యివ్వవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. చట్టంలో లేదు గదా! అతను పెండ్లాంబిడ్డలతో బెంగళూరు పోయి మేస్త్రీల కింద ఇటుకలు మోశాడు. పదేళ్ల తరవాత అక్కడే చనిపోయాడని విన్నాను.

మా తరం అభ్యుదయవాదులం కరువును గురించి చాలా రాశాం, పాడాం. అందులో ప్రభుత్వాన్ని నిలదీశాం, తెల్లదొరను నిలదీశాం, మంచిపనే. కాని కరువు యిద్దరు మనుషుల మధ్య రాసిన పద్దు, వొకరిది బాకీ, మరొకరిది జమ, మనలో యెందరం మన యింటి పుస్తకంలో చదివాం? దూరదేశపు అన్యాయం మీద కోపం మనిషికి సులువుగా వస్తుంది. వియత్నాం కోసం అరవడం తప్పని నేననడం లేదు. ఆ అరుపు పెరటి గుమ్మం దాకా రాకపోవడం తప్పంటున్నాను.

తిరిగి వచ్చాక ముదిగుబ్బలో మిగిలిన మా నేల చూశాను. సగం అమ్ముకొన్నాం, సగం బీడు. అతని మనవరాలు ధర్మవరంలో టీచరుగా వున్నదని తెలిసి వెళ్లాను. అక్కడి వడ కథా, తెప్పలవాళ్ల కథా చెప్పాను. లెక్కపుస్తకం కథ కూడా, నాకు తెలిసినంతా దాచకుండా చెప్పాను. రెండెకరాల మాట యెత్తాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ బీడు యిప్పుడేం చేసుకోవల్ల సార్, నీళ్లు గూడా లేవు," అన్నది. కాసేపాగి, "మీరు ఆ పుస్తకం వుంటే యియ్యండి. మా జేజినాయన పేరు అందులో యెట్లా రాసిండారో మా పిల్లోళ్లకు చూపించల్ల," అన్నది.

పుస్తకం అటక మీద దొరికింది. చించిన కాగితం లేదు గాని, దాని ముందరి పేజీలు వున్నాయి. 1952 నుంచి యేటేటా అతని పేరు, దాని పక్కన అంకెలు. ఇచ్చి వచ్చాను.