ఉగ్గుగిన్నె

ఆపరేషన్ అయిందని అమ్మకి చెప్పాను కానీ, ఏ ఆపరేషనో చెప్పలేదు. గాల్ బ్లాడర్లో రాళ్ళన్నాను. బంధువులందరికీ అదే మాట. లావు తగ్గడానికి కడుపు కోయించుకుందట అని నవ్వుకుంటారేమోనని భయం. 104 కిలోల బరువు, షుగరు, దేవుడి దగ్గర దీపం పెట్టి లేవాలంటే గోడ పట్టుకోవాల్సిన మోకాళ్ళు. ఇవేవీ నవ్వులాట కాదని నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

స్లీవ్ అంటారు దాన్ని. కడుపులో ముప్పాతిక వంతు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటిపండులా సన్నటి గొట్టంగా ఉంచుతారు. మొదటి రెండు వారాలూ మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు. గుక్క గుక్కకీ ఆగుతూ గ్లాసుడు నీళ్ళు తాగడానికి గంట పట్టేది. తర్వాత మెత్తగా మెదిపిన పప్పు, ఆపైన గుడ్డు. ముందు ప్రొటీన్, తర్వాత కూర, చివర్లో చోటుంటే అన్నం అంది డైటీషియన్. అన్నంతో మొదలుపెట్టి పెరుగన్నంతో ముగించే ఇంట్లో పుట్టినదానికి ఇదెంత తలకిందులో మీకు వేరే చెప్పాలా! తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. విటమిన్ మాత్రలు జీవితాంతం. మూడో నెలలో జుట్టు దువ్వెన నిండా ఊడింది. ఇది మామూలే, మళ్ళీ వస్తుందన్నారు గానీ, బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా ఆ తీసేసిన ముక్కలోనే పోతుందట. నిజమే, నెలల తరబడి ఆకలి తెలీలేదు. కానీ జిహ్వ ఎక్కడికీ పోలేదు. పక్కింట్లో పోపు వేస్తే చాలు, ప్రాణం అటే లాగేది.

నాలుగో నెలలో సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. అప్పటికి 22 కిలోలు తగ్గాను. "రాళ్ళ ఆపరేషను నిన్ను పీల్చి పిప్పి చేసిందే తల్లీ" అంటూ అమ్మ గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంది. పండగనాడు మధ్యాహ్నం పెద్ద బేసిన్‌లో అన్నం, గుమ్మడికాయ పులుసు కలిపి, చిన్నప్పటిలాగే అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ముద్దలు పెట్టింది. మూడు ముద్దలకే నాకు సరిపోయింది. నాలుగోది మొహమాటానికి తిన్నాను. "ఇదొక్కటీ నా కోసం" అంటూ ఐదోది చేతిలో పెట్టింది.

తిన్నాను. గుండెల మధ్య రాయి పెట్టినట్టయింది. నోట్లో నీళ్ళూరి, ముక్కు కారి, పెరట్లోకి పరిగెత్తాను. అంతా వాంతి అయిపోయింది. అమ్మ వెనకే వచ్చి నా నుదురు పట్టుకుంది. అక్కడే, తులసికోట పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే నేను పెట్టిందే నీకు శత్రువైందన్నమాట" అంది.

కాదమ్మా అన్నాను. అది సగం నిజమే. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆవిడ పెట్టకపోలేదు. కానీ పిల్లలు కంచాల్లో వదిలేసినవి పారేయడానికి మనసొప్పక ఇరవై ఏళ్ళు నోట్లో వేసుకున్నది నేనే కదా. మా ఆయన మీద కోపమొచ్చినా, మధ్యాహ్నం ఏమీ తోచకపోయినా జంతికల డబ్బా తీసింది నేనే. అవన్నీ ఆ పూట అమ్మకి చెప్పలేకపోయాను. రాత్రంతా ఆవిడ అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

కనుమనాడు నాటుకోడి కూర, గారెలు. అందరికీ విస్తళ్ళు వేసి, నా ముందు మాత్రం వెండి ఉగ్గుగిన్నె పెట్టింది అమ్మ. నాకూ తమ్ముడికీ ఉగ్గు పెట్టినదే. ఎప్పుడు తీసిందో, చింతపండు పెట్టి తళతళా తోమేసింది. అందులో కోడిముక్కల్ని ఎముకల్లేకుండా సన్నగా చీల్చి వేసింది. "ముందు ఇవి. గారె సంగతి తర్వాత చూద్దాం" అంది. నా పక్కనున్న నీళ్ళ చెంబు తీసి తన వెనక పెట్టుకుంది.

మా మరదలు నవ్వుతూ, "అదేంటత్తయ్యా, వదినకి ఉగ్గుగిన్నెలో పెడుతున్నారు?" అంది.

"రాళ్ళ ఆపరేషను కదమ్మా, డాక్టరు అలాగే చెప్పాడు" అంది అమ్మ, నా వంక చూడకుండా.

మా మరదలు ఇది చదువుతుంది. చదవనీ.